గుమ్మం బయట నిలబడ్డవాళ్ల లెక్క

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసిన కొద్దిరోజులకి చిక్కడపల్లిలో ఒక పుస్తకావిష్కరణ సభకి వెళ్లాను. సభ అయ్యాక బయట టీ తాగుతూ నిలబడ్డాం. ఒక పెద్ద కథారచయిత (పేరెందుకు లెండి, అందరూ గౌరవించే మనిషే) ఆ చట్టం గురించి మాట్లాడుతున్నారు. “పేకాటంటే క్లబ్బులో ఆడిందే పేకాట. ఎదుటివాడి మొహం చూడాలి. వాడు ఏ ముక్క ఎత్తుకున్నాడో, ఏది పారేశాడో గుర్తుపెట్టుకోవాలి. ఓడినా ఒక మర్యాద, గెలిచినా ఒక మర్యాద. ఫోన్లో ఆడేది ఆటా?” అన్నారు. పక్కనున్న కుర్ర కవి అందుకున్నాడు. వాళ్ల బావ డాలస్‌లో పోకర్ ఆడతాడట. “పోకర్‌లోనూ ఇదే గొడవ సార్. లైవ్ ఆడేవాళ్లు ఆన్‌లైన్ వాళ్లని ఆటగాళ్ల కింద లెక్కపెట్టరు. ఎదుటివాడి చేతి వణుకు కనపడకపోతే పోకర్ ఏమిటంటారు.”

మేం నలుగురు ఆడవాళ్లం కూడా అక్కడే కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాం. మాలో ఒకావిడ “మా ఇంట్లో కూడా...” అని ఏదో చెప్పబోయింది. ఆయన నవ్వుతూ “మీరూ ఆడతారేమిటమ్మా?” అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆవిడ చెప్పబోయింది ఏమిటో ఎవరూ మళ్లీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చాక ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయనకి చెప్పాల్సిన జవాబు అక్కడ చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆయన మాటలో నిజముంటే ఒప్పుకుందాం. ఆట పరంగా తేడా ఉంది. క్లబ్బులో రెండు పేకలు కలపాలి, కొయ్యాలి, బల్ల చుట్టూ కూర్చున్న ఆరుగురికి పదమూడేసి ముక్కలు పంచాలి. ఒకడు సిగరెట్ ముట్టించుకుంటాడు, ఒకడు టీ కోసం కేకేస్తాడు, ఇంకొకడు ఇందాకటి ఆటలో స్కూట్ కొట్టకుండా ఎందుకు ఆడానా అని తనని తనే తిట్టుకుంటాడు. ఇదంతా సమయం తింటుంది. ఫోన్లో కలపడం లేదు, పంచడం లేదు. ముక్కలు కళ్ల ముందు వచ్చి వాలతాయి, ఆలోచించుకోవడానికి సెకన్లు. ఒక ఆట కాగానే ఇంకోటి. ఒకేసారి రెండు మూడు బల్లల మీద కూడా ఆడొచ్చు. లైవ్ పోకర్‌లో గంటకి 25, 30 చేతులు పడితే ఆన్‌లైన్‌లో ఒక్క బల్ల మీదే 60 దాటతాయని ఆడేవాళ్లే చెబుతారు. అంటే అదే మనిషి, అదే తెలివి, అదే బలహీనత... రెట్టింపు వేగంతో పోగొట్టుకుంటాడు. క్లబ్బులో చొక్కా జేబు ఖాళీ అవగానే ఆట ఆగేది, లేదా ఎవరినో అప్పడగాలి, అడగడానికి సిగ్గుపడాలి. ఫోనుకి సిగ్గు లేదు, అదే అప్పిస్తుంది కూడా.

ఇంతవరకూ ఆయనతో నాకు పేచీ లేదు. క్లబ్బులో ఉన్న ఆ “మర్యాద” దగ్గరే నా పేచీ అంతా.

నాకు పదేళ్లప్పుడు, 1974లో, మేం చిక్కడపల్లిలో అద్దెకుండేవాళ్లం. నాన్నగారు సర్కారు ఆఫీసులో గుమాస్తా. నెల మొదటివారంలో ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి వచ్చేవారు కాదు. నారాయణగూడ వైపు ఒక క్లబ్బు ఉండేది. రాత్రి ఎనిమిదైతే అమ్మ నన్ను పంపేది. తను వెళ్లకూడదు. తమ్ముడు చిన్నవాడు. నేను ఆడపిల్లనే అయినా ఇంకా గౌను వేసుకునే వయసు కాబట్టి వెళ్లొచ్చు. క్లబ్బు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునే వాచ్‌మన్ నన్ను చూడగానే లోపలికెళ్లి నాన్నగారి చెవిలో చెప్పేవాడు. “వస్తున్నానని చెప్పు” అనే కబురు బయటికి వచ్చేది. నేను నిలబడేదాన్ని. ఆ గుమ్మం లోంచి లోపలి బల్లలు కనిపించేవి. ఆకుపచ్చ గుడ్డ, వేలాడే బల్బు, పొగ. నాన్నగారి వీపు. ఆ వీపు చూసి ఆయన ఓడుతున్నారో గెలుస్తున్నారో చెప్పడం నాకు వచ్చేది. ఎదుటివాడి మొహం చదవడం గొప్ప విద్య అంటారు కదా పోకర్ వాళ్లు, నేను వీపు చదివాను. గెలుస్తుంటే ముందుకి వంగేవారు. ఓడుతుంటే నిటారుగా, మహా మర్యాదస్తుడిలా కూర్చునేవారు.

అదే నారాయణగూడలో, పొద్దున్నపూట నేను వెళ్లే బడి ఉండేది. మాడపాటి హనుమంతరావుగారి పేరు మీద ఉన్న బాలికల పాఠశాల. నిజాం కాలంలో, 1928లో, ఆడపిల్లలు తెలుగులో చదువుకోవాలని పెట్టిన బడి. పొద్దున్న లెక్కలు నేర్చుకున్న వీధిలోనే రాత్రి మా ఇంటి లెక్క తప్పిపోతూ ఉండేది.

అమ్మ పద్దు రాసేది. పాలు, చాకలి, అద్దె, కిరసనాయిలు, మా ఫీజులు. ఆవిడ పోయాక ఆ నోటు పుస్తకాలు నా దగ్గరికి వచ్చాయి. పేకాట అన్న మాట ఒక్కచోట కూడా లేదు. “ఇతరములు” అని ఒక వరస ఉంది. 1976 మార్చిలో ఇంటద్దె 90 రూపాయలు, ఇతరములు 140. ఆ తర్వాతి నెలలో పాలు అరలీటరుకి తగ్గాయి. గాజుల సంగతి పద్దులో ఉండదు, అది డబ్బు కాదు కదా. ఆరు గాజులు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. ఏది ఎప్పుడు మార్వాడీ కొట్టుకి వెళ్లిందో, ఎంతకి వెళ్లిందో అమ్మకి కూడా సరిగా తెలియదు. చీటీ నాన్నగారి దగ్గర ఉండేది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ పోగొట్టుకున్నదానికి ఒక్క కాగితం ముక్క సాక్ష్యం లేదు. క్లబ్బు మర్యాద అంటే నాకు తెలిసింది ఇదీ.

ఇక “నైపుణ్యం” సంగతి. మా పెద్దమ్మంత బాగా రమ్మీ ఆడిన మనిషిని నేను చూడలేదు. దీపావళికి, సంక్రాంతికి ఇంట్లో పేక తీస్తే నాన్నగారి మీద కూడా గెలిచేది. ఎవరు ఏ ముక్క పారేశారో ఆట అయ్యాక వరసపెట్టి చెప్పేది. పందెం ఎంతనుకున్నారు? చింతపిక్కలు. ఆవిడని ఏ క్లబ్బూ రమ్మనలేదు. రమ్మన్నా వెళ్లేది కాదు, వెళ్తే ఏమనేవారో తెలుసు కాబట్టి. ‘కన్యాశుల్కం’లో మధురవాణి పేకాడుతుంది, అందరికన్నా తెలివిగా ఆడుతుంది. కానీ గురజాడ కూడా ముక్కలు ఆమె చేతికే ఇచ్చాడు గానీ బుచ్చమ్మ చేతికి ఇవ్వలేదు. ఇవ్వగలిగేవాడా?

మన దేశంలో రమ్మీకి నైపుణ్యం బిరుదు ఇచ్చిన తీర్పు మన ఊళ్లోనే పుట్టింది. సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఉండేది. 1960లలో పోలీసులు దాని మీద దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవాళ్లని, నిర్వాహకులని పట్టుకున్నారు. పాత హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట లాగా రమ్మీ కేవలం అదృష్టం కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం అన్నారు. క్లబ్బు తీసుకునే చిన్న రుసుము లాభం కిందికి రాదన్నారు.

నేను న్యాయశాస్త్రం చదువుకోలేదు. కానీ ఆ తీర్పు వేసుకున్న ప్రశ్నలు చూడండి. ముక్క అదృష్టం వల్ల పడిందా, తెలివి వల్ల పడిందా? క్లబ్బు లాభం తీసుకుందా, లేదా? బల్ల మీద పెట్టిన డబ్బు ఎవరిది అన్న ప్రశ్న అందులో లేదు. న్యాయమూర్తిని తప్పుపట్టడం లేదు. ఆయన ముందున్న చట్టం ఆ ప్రశ్న అడగలేదు. అసలు ఆ ప్రశ్న మన సాహిత్యంలో నిండుసభలో అడిగింది ఒక్క ద్రౌపది. ముందు తనని తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది అని. ఆ మాయా పాచికల్లో శకుని నైపుణ్యం ఎంత, ధర్మరాజు దురదృష్టం ఎంత అని ఆవిడ చర్చ పెట్టలేదు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని చెప్పి తప్పించుకున్నాడు. అప్పటినుంచీ అందరూ అంతే సూక్ష్మంగా తప్పించుకుంటున్నారు.

దేశంలో మొదట వచ్చిన ఆన్‌లైన్ రమ్మీ కంపెనీల్లో ఒకటి హైదరాబాదుదే, ఏస్2త్రీ. తర్వాత ఏ23 అయింది. క్లబ్బు కోసం ఇచ్చిన ఆ నైపుణ్యం తీర్పే ఇలాంటి కంపెనీలకి పెట్టుబడి. తెలంగాణ ప్రభుత్వం 2017లో జూద చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే చేసింది. 2025లో కేంద్ర చట్టం రాగానే దాని మీద కర్ణాటక హైకోర్టుకి వెళ్లింది ఆ ఏ23 నడిపే కంపెనీయే. మళ్లీ అదే వాదన, మాది నైపుణ్యం ఆట అని. సికింద్రాబాదు క్లబ్బు నుంచి ఫోను దాకా అరవై ఏళ్ల దారిలో ఒక్క ఆడదాని సాక్ష్యం వినపడదు.

ఇప్పుడు అశోక్‌నగర్ సంగతి చెప్పాలి.

మాకిప్పుడు చిక్కడపల్లిలో సొంత ఇల్లుంది. మేడ మీద గది ఎప్పుడూ గ్రూప్స్‌కి చదివే పిల్లలకే అద్దెకిస్తాం. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, సిటీ సెంట్రల్ లైబ్రరీ నడిచి వెళ్లే దూరం. నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం, పరీక్ష వాయిదా పడటం, రద్దవటం, మళ్లీ రాయటం... ఆ పిల్లల బతుకే ఒక జూదంలా ఉంటుంది. 2023లో నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మెతక మనిషి. రాత్రి రెండింటికి కూడా గదిలో వెలుగు కనిపిస్తే, పాపం ఎంత చదువుతున్నాడో అనుకునేదాన్ని. ఒకసారి హార్లిక్స్ కలిపి కూడా ఇచ్చాను.

2024లో ఒకరోజు నాకు ఫోను వచ్చింది. హిందీ కలిసిన తెలుగులో, మీ అబ్బాయి అప్పు ఎగ్గొట్టాడు, మీరు కట్టండి అని. అతని ఫోన్లో నా నంబరు “ఓనర్ ఆంటీ” అని ఉంటుంది కదా, అప్పు యాప్ వాళ్లు ఉన్న నంబర్లన్నీ లాగేసుకున్నారు. సాయంత్రానికి ఒక ఫోటో వచ్చింది. అతని అక్క మొహం, ఎవరిదో ఒళ్లు. ఆటలో ఎక్కడా లేని ఒక ఆడపిల్లని తెచ్చి మళ్లీ సభలో నిలబెట్టారు. ఈసారి సభ అంటే వాట్సాప్‌లో ఉన్న రెండు వందల మంది. 2020 డిసెంబరులోనే హైదరాబాదులో ఇలాంటి యాప్‌ల వాళ్లని పోలీసులు అరెస్టు చేశారు. ఆగాయా?

తర్వాత నెమ్మదిగా తెలిసింది. ఆన్‌లైన్ రమ్మీ. తెలంగాణలో నిషేధం కదా బాబూ అంటే, ఫోనుకి వేరే రాష్ట్రంలో ఉన్నట్టు దొంగ చిరునామా చెప్పే యాప్ ఉంటుందట. గది అద్దె, కోచింగ్ ఫీజు, చివరికి అక్క పుట్టింట్లో దాచుకున్న మూడు తులాల బంగారం మీద తెచ్చిన డబ్బు. వాళ్లమ్మ పత్తి ఏరడానికి పోతుంది. కొడుకు ఓడిపోతున్నాడని పదకొండు నెలలపాటు ఆవిడకి తెలియదు. తెలిసే దారే లేదు. మా అమ్మకి కనీసం నేను ఉన్నాను, పంపడానికి ఒక గుమ్మం ఉంది. నాన్నగారు ఎనిమిదింటికి రాలేదంటే ఎక్కడున్నారో తెలుసు. ఈ తల్లి ఫోన్ చేసినప్పుడల్లా కొడుకు గదిలోనే ఉన్నాడు, “చదువుకుంటున్న అమ్మా” అంటున్నాడు.

1992లో దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు సారా దుకాణం మూయించారంటే ఊళ్లో దుకాణం ఉంది కాబట్టి. సారా బండి వచ్చే దారి ఉంది, అడ్డంగా నిలబడటానికి చోటుంది. ఫోన్లో ఉన్న దుకాణం ముందు ఎక్కడ నిలబడతారు? ఆన్‌లైన్ ఆట తీసేసింది ఎదుటివాడి మొహాన్ని అని మన రచయితగారు బాధపడుతున్నారు. అది తీసేసింది మన గుమ్మాన్ని.

అలాగని గుమ్మమే మేలని నేను అనను. తెలంగాణ ఏర్పడిన కొత్తలో నగరంలో పేకాట క్లబ్బులు మూయించినప్పుడు చాలామంది ఆడవాళ్లు సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆట అపార్ట్‌మెంట్లకీ ఫామ్‌హౌసులకీ పోయిందనుకోండి, అది వేరే సంగతి. ఆడవాళ్లు ఫోన్లో ఆడరా అంటే, ఆడతారు. ప్రకటనల్లో నవ్వుతూ గెలిచే ఇల్లాళ్లని చూపించింది ఊరికేనా? వాళ్లు ఓడిపోతే మాత్రం నైపుణ్యం చర్చ రాదు, “ఇల్లాలు చెడిపోయింది” అన్న ఒక్క మాటే వస్తుంది.

ఇక్కడ నాకు తోచిన ఒక విచిత్రం ఉంది. క్లబ్బుకి గుమ్మం ఉంది గానీ లెక్క లేదు. ఫోనుకి గుమ్మం లేదు గానీ లెక్కంతా ఉంది. ఏ రోజు, ఏ గంట, ఏ నిమిషం, ఎన్ని రూపాయలు... మా అమ్మకి ముప్ఫై ఏళ్లలో దొరకని సాక్ష్యం ఆ అబ్బాయి ఫోన్లో పైసాతో సహా ఉంది. పాస్‌వర్డ్ అతని దగ్గర ఉంది. కంపెనీ దగ్గర ఉంది, బ్యాంకు దగ్గర ఉంది, పన్నుల శాఖకి కూడా దొరుకుతుంది. తల్లికి దొరకదు.

2025 చట్టం తెచ్చినప్పుడు ప్రభుత్వం చెప్పిన అంచనా ఇది. ఈ ఆటల్లో 45 కోట్ల మంది ఏటా 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని. ఆడించిన కంపెనీకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు, అతను బాధితుడు. మంచిదే, ఆ అబ్బాయిని జైల్లో పెట్టమని నేను ఎప్పుడూ అనను. కానీ ఆ 20,000 కోట్లలో ఎన్ని గాజులున్నాయి? బాధితుడు ఒక్కడేనా? నిషేధించారుగా ఇంకేం కావాలి అంటారు. 2017 నిషేధం కింద ఉన్న ఊళ్లోనే, మా మేడ మీదే ఈ పిల్లవాడు ఓడిపోయాడు.

2005 గృహహింస చట్టంలో ఆర్థిక హింస అన్న మాట ఉంది. స్త్రీధనాన్ని, ఆమెకి హక్కున్న ఆస్తిని అమ్మేయడం, తాకట్టు పెట్టడం అందులోకి వస్తుంది. భార్యే కాదు, ఒకే ఇంట్లో ఉండే తల్లి, అక్కచెల్లెళ్లు కూడా అడగొచ్చు. ఆ చట్టాన్నీ జూదం చట్టాన్నీ ఒకచోట పెట్టి చదివేవాళ్లు మన లాయర్లలో ఎంతమంది? తల్లి కొడుకు మీద కేసు పెడుతుందా అని మీరు అడుగుతారు. పెట్టదు. నాకూ తెలుసు. అందుకే కేసు కన్నా ముందు లెక్క అడుగుతున్నాను. సింగపూర్‌లో కుటుంబసభ్యులు దరఖాస్తు పెడితే, విచారించి, ఆ మనిషిని కాసినోలోకి రానివ్వకుండా ఆదేశం ఇచ్చే ఏర్పాటు ఉంది. అంటే ఇంట్లోవాళ్లకి ఒక గుమ్మం కట్టించారు. మనకి అటువంటిది ఎవరూ తలపెట్టలేదు. ఎవరి సొమ్ము పోయిందో వాళ్లు అడిగితే ఆ పద్దు వాళ్ల చేతిలో పెట్టాలి, ఆపమంటే ఆపాలి. వ్యక్తిగత గోప్యత అంటూ నా మీదికి వచ్చేవాళ్లు ఆ అక్క ఫోటో రెండు వందల మందికి వెళ్లినప్పుడు ఎక్కడున్నారో ముందు చెప్పాలి.

ఆ అబ్బాయి గది ఖాళీ చేసి ఊరెళ్లిపోయాడు. ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తున్నాడు. పోయిన దసరా తర్వాత వాళ్లమ్మ అతన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కూతురి అత్తగారింట్లో బంగారం గొడవ నడుస్తోంది. పుట్టింట్లో దాచి పోయిందని అబద్ధమాడుతోంది అంటున్నారట. “గా ఫోన్ల లెక్క అంతుంటదని వీడే చెప్పిండు మేడం. మూడు దినాలు బతిమాలిన. కాయితం మీద దింపియ్యండి. నా బిడ్డ దొంగ కాదని సూపిస్త” అంది. అబ్బాయి తల దించుకుని ఫోను నా చేతికిచ్చాడు.

ఆవిడా నేనూ అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపుకి వెళ్లాం. కోచింగ్ నోట్సుల కట్టల మధ్య ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఫైలు పంపాను. తెరిచి చూసి, వరసలు కిందికి జరుపుతూ, ఏమీ ఆశ్చర్యపోకుండా అడిగాడు.

“రమ్మీ స్టేట్‌మెంటా మేడం? ఇసుంటియి వారానికి నాలుగైదు తీస్త. నలభై ఒక్క పేజీలొస్తయి. రెండు దిక్కులా తియ్యాల్నా?”